పక్క కాలమ్

జూన్ 9, సోమవారం

భానుచందర్‌కు నా మీద జాలి కలిగింది. అన్నిటికంటే అదే మండింది.

"సార్, ఇట్ల పేరూ ఊరూ పిన్‌కోడూ అంతా ఒకే గడిలో కుక్కితే స్టిక్కర్లకు రాదు సార్," అన్నాడు. "దేనికది విడదీసుకొని రాండి. మేడమ్ అయితే అన్నీ సేసి పంపించేవాళ్లు."

మేడమ్ అయితే! పాలవాడూ అదే మాట, గ్యాసు సిలిండరు తెచ్చేవాడూ అదే మాట. ఇరవై రెండేళ్లుగా 'ముల్లుకర్ర' మాసపత్రిక అట్ట మీద సంపాదకుడు సుకుమార్ అని అచ్చవుతోంది. తిరుపతి కొర్లగుంటలో మాత్రం ఇది నా భార్య పేరుతో అమల టీచర్ ఇల్లు. నాకేం అభ్యంతరం లేదు. ఇళ్లు ఆడవాళ్ల పేరుతో ఉండాలని వ్యాసం రాసినవాడిని నేనే.

వాడి డీటీపీ అంగడి గోడ మీద ఆరుగురు దేవుళ్లున్నారు. ఒక్కరికీ ఎక్సెల్ రాదు. నేనే నేర్చుకుంటానని చెప్పి వచ్చేశాను.

పత్రిక మే నెలాఖరుకే అచ్చయింది. కట్టలు అమల మంచం మీద ఉన్నాయి. వేరే చోటు లేదు. (హాల్లో ఉంది.) స్టిక్కర్లు వస్తే అతికించి పోస్టులో పడేయడమే. ఆలస్యానికి వేరే కారణం ఏమీ లేదు.

జూన్ 10

చందాదారుల ఫైలు తెరిచాను. ఫోన్లో వాళ్లు ఒక్క ఊపిరిలో ఎట్లా చెప్పారో అట్లాగే టైపు చేసింది అమల. ఒక నమూనా: "కోమలి, శ్రీకాళహస్తి, ఏటి గట్టు నుంచి కలంకారీ వేసే వాళ్ల సందులోకి తిరగాల, నీలం గేటు, కుక్క ఉంటాది."

దీన్ని చిరునామా అంటారా? మా వైపు మనుషులు ఎక్కడుంటారో చెప్పరు, ఎట్లా రావాలో చెబుతారు. ఒక్కొక్కరికి ఎనిమిది కామాలు, కొందరికి ఒక్కటీ లేదు. వీళ్లను ఇప్పుడు గడుల్లో కూర్చోబెట్టాలి. పేరు ఒక గడి, వీధి ఒక గడి, ఊరు ఒక గడి. ఈ దేశం మనుషుల్ని గడుల్లో పెట్టడంలో ఆరితేరింది, దానికి వ్యతిరేకంగా జీవితమంతా రాశాను, చివరికి నా పాఠకుల్ని నేనే కోసి గడుల్లో పెట్టబోతున్నాను. వ్యాసానికి పనికొస్తుంది. రాయాలి.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. రాసుకోవడానికి ఇలాంటిదే కావాలి.

ఇంకేమీ రాయలేదు.

జూన్ 10, సాయంత్రం

జరిగింది మళ్లీ ఒకసారి రాసుకుంటాను, మనసులో స్పష్టంగా ఉండాలి. మా అత్త గంగులమ్మకు ఏప్రిల్లో జ్వరం వచ్చింది. మూడు రోజులు. ఏబెల్, అంటే అమల తమ్ముడు, ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇంట్లో ప్రార్థన పెట్టించాడు. నాలుగో రోజు ఆమె పోయింది. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటంలో పాస్టరు "ప్రభువు తన బిడ్డను పిలుచుకున్నాడు" అన్నాడు. పెద్దల్లుడు రెండు మాటలు చెబుతాడని మైకు నా చేతికిచ్చారు. "పిలిచింది ప్రభువు కాదు, మూడు రోజుల ఆలస్యం" అన్నాను. ఇంకొన్ని కూడా అన్నాను. ఏబెల్ మైకు లాక్కున్నాడు.

ఇందులో ఏ వాక్యం అబద్ధం?

అమల కూడా అబద్ధమని అనలేదు. "నీకు మైకిచ్చింది మాయమ్మ గురించి ఒక మంచి మాట సెప్తావని," అంది అంతే. తర్వాత ఇంకోటి కూడా అంది. "ఈ కూటం సంగతి ముల్లుకర్రలో ఒక్క అక్షరం పడిందంటే నేను తిరుపతికి రాను."

వేసవి సెలవులంతా వాళ్ల ఊళ్లోనే ఉండి, అటునుంచి అటే నగరి వెళ్లిపోయింది, తన బడి ఊరికి. ఇన్నాళ్లూ ఇక్కడి నుంచే బస్సులో వెళ్లొచ్చేది. ఇప్పుడు అక్కడే ఎవరో సహోద్యోగి ఇంట్లో గది తీసుకుందట.

సంపాదకీయం పేరు "ఓదార్పు ఎవరికి లాభం?" మూడో పేజీ, నాలుగో పేజీ. అచ్చయి ఉంది. ఒక మనిషి అలిగితే నిజం అలగదు.

జూన్ 11

విజయం. ఎక్సెల్‌లో 'టెక్స్ట్ టు కాలమ్స్' అని ఒకటుంది. కామా ఎక్కడుంటే అక్కడ కోసి పక్క గడిలో పెడుతుంది. అంతే, దీనికి మేడమ్ ఎందుకు? కోసే ముందు ఏదో అడిగింది. ఓకే కొట్టాను. దాచుకోమని నొక్కి, మూసేసి, ఇడ్లీలకు పోయాను.

అదే రోజు, మధ్యాహ్నం

శఠగోపం గారి పిన్‌కోడ్ ఉండాల్సిన చోట వాళ్ల అరుగు ఉంది. కోమలి పిన్‌కోడ్ దగ్గర కుక్క కూర్చుంది. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. చిరునామాల పక్కన రెండో కాలమ్ ఒకటి ఉండేది, పైన 'గమనిక' అని. అమల రాసుకున్నది. అందులో ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు అది లేదు. దాని మీద వీధులు వచ్చి పడ్డాయి.

భానుచందర్‌కు ఫోన్ చేశాను.

"పక్క కాలమ్‌లో ఏమన్నా ఉన్నిందా సార్? ఉంటే అది అడిగింటాదే, ఈడ ఆల్రెడీ మేటర్ ఉండాది, దాని మీదనే పెట్టేద్దునా అని."

అడిగింది.

"మూసేయక ముందు కంట్రోల్ జెడ్ కొట్టాల్సింది సార్."

ఎదుటివాడి వాదన నేను చివరిదాకా వినననీ, వినకుండానే జవాబు చెబుతాననీ అమల అంటూ ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. అది యంత్రం.

జూన్ 12

ఈరోజు బడులు తెరిచారు. ఆమె గదికి చేరే వేళ చూసి ఫోన్ చేశాను. కేవలం పత్రిక పని.

వెనకాల మరమగ్గాలు. నగరిలో సందు సందుకూ అదే చప్పుడు, వానలా ఆగకుండా.

"సెప్పు," అంది.

"నీ కాలమ్ పోయింది."

"ఏ కాలమ్?"

"గమనిక. కామాల దగ్గర కోస్తా ఉంటే పోయింది. అది అడిగింది, నేను ఓకే అన్నా."

"ఏమని అడిగింది?"

"సదవలేదు."

నవ్విందో దగ్గిందో మగ్గాల్లో తెలియలేదు. "అయ్యా సామీ, నువ్వు సదవకుండా ఓకే కొట్టింది ఇదొక్కటేనా!" అంది. కాసేపాగి, "పేర్లు సదువు. నాకు గుర్తుండాయి. నువ్వు పక్కన రాసుకో," అంది.

తిరుపతి పేర్లతో మొదలుపెట్టాను.

"శఠగోపం."

"పంపాల. సదవడు. కానీ రాకపోతే ఫోన్ చేసి, మీ ఆయన నన్ను చూసి భయపడ్డాడా అమ్మాయ్ అంటాడు."

"చదవకుండానే నెలనెలా ఖండన రాసి పంపిస్తా ఉండాడా?"

"నువ్వు ఆయన ఖండన సదివినాకే జవాబు రాస్తా ఉండావా?"

నేను తర్వాతి పేరు చదివాను.

పది పన్నెండు పేర్లు అయ్యాక అన్నం వండుకోవాలంది. కూటం గురించి ఆమె అడగలేదు. సంపాదకీయం గురించి నేను చెప్పలేదు. అడగనిదానికి చెప్పడం ఎందుకు?

జూన్ 13

శ్రీకాళహస్తి, రేణిగుంట పూర్తి.

"కోమలికి పంపు. రంగు సేతులు తుడుసుకునేదానికి పత్రిక కావాల ఆయమ్మికి."

"నా పత్రికా?"

"తుడిసేముందు సదువుతాదిలే. పోయిన సంవత్సరం నీ బోనాల వ్యాసం మీద నాతో గంట సేపు పోట్లాడింది."

"నాకు చెప్పలేదే!"

"నీతో పోట్లాడితే గెలవనియ్యవంట. అందుకని నాతో."

ఇట్లా ఎంతమంది నాకు రావాల్సిన తిట్లు ఆమెను తిట్టారో! నాకు ఉత్తరాలు రావడం తగ్గిపోయిందని, పాఠకుల చైతన్యం చచ్చిపోయిందని జనవరిలో సంపాదకీయం రాశాను.

ఈ పూట రెండు గ్లాసుల బియ్యం పోశాను కుక్కర్లో. అలవాటు.

జూన్ 14, శనివారం

గూడూరు.

"ప్రేమానందం, గూడూరు, నిమ్మకాయల మండీ వెనక," అని చదివాను. చదివి ఊరుకోకుండా, "వీడికింకా పోతా ఉండాదా? ఆపేయ్ వీడికి," అన్నాను.

కాలేజీ రోజుల నుంచి, స్టెల్లాతో వాడి పెళ్లయ్యేదాకా, ఒకే గదిలో ఉన్నవాళ్లం. పత్రికకు ముల్లుకర్ర అని పేరు పెట్టింది వాడే. ఒళ్లు బాగోలేకపోయాక మళ్లీ చర్చికి పోవడం మొదలుపెట్టాడు. "తిరిగి మందలోకి" అని నేను నాలుగు పేజీలు రాశాను, పేరు పెట్టే. వాడు జవాబు రాయలేదు. జవాబు లేదు కాబట్టి రాయలేదని అనుకున్నాను.

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"ఆయన పోయి రెండేండ్లాయె," అంది.

"ఎవరు?"

"నీకు సెప్పినా. గూడూరు నుంచి స్టెల్లా అక్క ఫోన్ సేసిన పొద్దు. నువ్వు రాసుకుంటా ఉండావు. పోతా ఉండా, వస్తావా అంటే 'ఊ' అన్నావు. మళ్ల తలెత్తలేదు. నేనొక్కదాన్నే పోయి వచ్చినా."

గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

"మరి పత్రిక ఎవరికి పోతోంది?"

"ఆయనకే. స్టెల్లా అక్క అడిగింది, పేరు తీయబాకు అమలా అని. నెలకొకసారి పోస్ట్‌మాన్ వాకిట్లో నిలబడి 'ప్రేమానందం సార్' అని పిలుస్తాడంట. ఆ పిలుపు వినేదానికి. గమనికలో అదే రాసింటి. 'పేరు మార్చొద్దు' అని. రాసుకో."

రాసుకున్నాను.

జూన్ 15

ప్రేమానందం పోయాడు. రెండేళ్లయింది.

జూన్ 15, తర్వాత

ఇది మూఢనమ్మకమే. లేని మనిషిని పేరు పెట్టి పిలిపించుకోవడం. ఇదీ ఓదార్పే, నేను మూడో పేజీలో చీల్చి చెండాడిన ఓదార్పే, దాన్ని నా పత్రికే రెండేళ్లుగా నెలనెలా స్టెల్లా వాకిట్లోకి మోస్తోంది.

కానీ వాదన ఒకచోట నిలవడం లేదు. ఓదార్పు అంటే మోసం అని నా మొదటి వాక్యం. ఇక్కడ మోసపోయింది ఎవరు? ఆయన లేడని స్టెల్లాకు తెలుసు. పోస్ట్‌మాన్‌కు తెలుసు. అమలకు తెలుసు. తెలియనివాణ్ని నేనొక్కణ్నే.

రెండో వాక్యం చూడాలి, తమ ఆలస్యాన్ని దాచుకునేవాళ్లకే ఓదార్పు లాభం అని. రెండోది బలంగానే ఉంది.

మధ్యాహ్నం "తిరిగి మందలోకి" ఉన్న పాత సంచిక వెతికాను. దొరకలేదు. దొరికింది. చదవలేదు.

ఆదివారం కదా, ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు.

జూన్ 16

భానుచందర్ అంగడి. స్టిక్కర్ల సైజు మాట్లాడడానికి.

"సార్, మంచి వార్త! మేడమ్ మార్చిలో పంపిన మెయిలు దొరికింది. ఫైలు మొత్తం ఉండాది, దేనికది విడదీసే, గమనిక కాలమ్‌తో సహా. మీరేం కష్టపడబళ్లేదు."

"నీకెందుకు పంపింది?"

"నెలనెలా ఒక కాపీ నా దగ్గర పడేస్తారు సార్, పోతే ఉంటాదని. మేడమ్‌కు తెలుసే!"

స్క్రీన్ మీద చూపించాడు. నిజమే. అన్నీ ఉన్నాయి. "పేరు మార్చొద్దు" ఉంది.

అమల మరిచిపోయి ఉంటుంది. ఎవరి గేటు ఏ రంగో, ఎవరు చదవరో, ఎవరు పోట్లాడతారో అన్నీ గుర్తున్నాయి, తాను నెలనెలా పంపే మెయిలు మాత్రం మరిచిపోయి ఉంటుంది. బడి తెరిచిన హడావుడి.

"ప్రింటు కొట్టేద్దునా సార్?"

"ఆగు," అన్నాను. "నేను చెప్పేదాకా ఆగు."

"ఎందుకు సార్?"

"పాత ఫైళ్లను నమ్మకూడదు. సరిచూసుకోవాలి."

మళ్లీ అదే జాలి చూపు. ఈసారి అంత మండలేదు.

జూన్ 16, సాయంత్రం

ఫోన్ చేసి పుత్తూరు పేర్లు చదివాను. ఆమె చెప్పింది. రాసుకున్నాను. మెయిలు సంగతి నేను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

చిన్నబ్బ పేరు దగ్గర ఆగి, వాళ్ల కూతురికి నర్సింగులో సీటు వచ్చిందని చెప్పింది. పత్రికకు సంబంధం లేని విషయం. అయినా గమనికలో రాశాను.

జూన్ 17

చిత్తూరు. నెమ్మదిగా చదివాను. కొన్ని పేర్లు రెండుసార్లు చదివాను, వినపడలేదేమోనని. ఆమె రెండుసార్లూ చెప్పింది.

బడిలో ఆమెకు ఆరో తరగతి ఇచ్చారట. గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగమందామనుకున్నాను. పత్రిక విషయం కాదు కదా అని ఊరుకున్నాను.

జూన్ 18

పేర్లు అయిపోయాయి.

"అంతేనా?" అంది.

"అంతే."

"స్టిక్కర్లు కొట్టించుకో ఇంక."

"ఊ."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. మగ్గాలు ఆడుతున్నాయి, మనం మాట్లాడక్కర్లేదన్నట్టు. అంతలో ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కరెంటు పోయినట్టుంది. నగరి మొత్తం నోరు మూసుకుంది. ఆమె ఊపిరి వినపడింది. సన్నగా, పక్క గదిలో ఉన్నట్టు.

"ఈ నెల సంపాదకీయం ఏమి?" అంది.

ఏమైనా చెప్పొచ్చు. పరీక్షల గురించి అనొచ్చు, రోడ్ల గురించి అనొచ్చు.

"మీ అమ్మ కూటం గురించి."

"అచ్చయిందా?"

"అయింది."

"ఎప్పుడు?"

"మే నెలాఖరు."

"మరింకా పోస్టు ఎందుకు సేయలేదు?"

"స్టిక్కర్లు కాలేదని..."

"భానుచందర్ దగ్గర ఫైలు ఉండాదని నీకు తెలుసు కదా?"

"నీకూ తెలుసు కదా."

కరెంటు రాలేదు.

"నేను సెప్పింది సెప్పిందే సుకుమార్," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది, జవాబు చెప్పేవాణ్ని. ఫోన్ పెట్టేసింది.

జూన్ 19

భానుచందర్ స్టిక్కర్లు ఇచ్చాడు. మంచం మీద, కట్టల పక్కన పెట్టాను. ఇప్పుడు ఆపడానికి ఏమీ లేదు.

జరిగింది మళ్లీ రాసుకుంటాను. గంగులమ్మకు జ్వరం. మూడు రోజులు. రెండో రోజు ఏబెల్ నాకు ఫోన్ చేశాడు, "బావా, ఒకసారి వచ్చి అమ్మను సూడు" అని. నేను సభలో ఉన్నాను. ప్రజారోగ్యం మీద. సాయంత్రం చేస్తానన్నాను.

ఈ వాక్యం ఇంతకుముందు రాసినప్పుడు లేదు. సంపాదకీయంలోనూ లేదు. నిడివి సమస్య.

జూన్ 20

స్కేలు పెట్టి, మధ్యలో పిన్నుల దగ్గర వేలెడు అంచు వదిలి లాగితే సంపాదకీయం ఉన్న కాగితం శుభ్రంగా వస్తుంది, దాని అవతలి సగం ఊడదు. అవతలి సగంలో శఠగోపం ఉత్తరం ఉంది, పోయిన నెల నా వ్యాసానికి ఖండన. అది చించే హక్కు నాకు లేదు. అది ఉండాలి.

కాబట్టి ఇరవై రెండేళ్లలో మొదటిసారి, అవతలివాడు మాట్లాడి నేను మాట్లాడని సంచిక ఇది. ఆయన చదవడు కాబట్టి ఆయనకు తెలియదు.

ఇది సెన్సార్‌షిప్పే. ఇంకెవరైనా చేసి ఉంటే వదిలేవాణ్ని కాదు. ఆమె కోసం చేయలేదు. రెండో వాక్యం కూడా నిలవలేదు, అందుకు చేశాను.

మొదటి కట్ట అయ్యేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి. ఈ పత్రిక మడతలు, అతుకులు అన్నీ ఆమె చేసేది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్లమని రాయబోయాను. నేను ఎదురుగా కూర్చుని చదివి వినిపించేవాణ్ని. ఆమె అతికించేది.

గూడూరు కాపీ మీద స్టిక్కరు అన్నిటికంటే ముందు అతికించాను. వంకర పోలేదు. ప్రేమానందం.

జూన్ 21, శనివారం

పత్రికలన్నీ పోస్టులో వేసి వచ్చి ఫోన్ చేశాను. తీస్తుందనుకోలేదు.

"సించినా," అన్నాను.

"ఏమి?"

"ఆ కాగితం. అన్నిట్లో సించి పోస్టు చేసినా."

"నేను సించమన్నానా?"

"అనలేదు."

"మాయమ్మ గురించి ఏం రాసినావో నాకు తెలియకుండానే సించేసినావా? నన్నడగబళ్లేదా? రాసేటప్పుడూ అడగవు, సించేటప్పుడూ అడగవు!"

కోపం! అసలైన కోపం. హాయిగా ఉంది.

"ఒకటి ఉంచినా. సించకుండా."

"ఎవురికి?"

మగ్గాలు, మగ్గాలు.

"అడ్రస్ రాసుకో," అంది. "అమల. నిర్మలమ్మ టీచర్ వాళ్ల మిద్దె, నగరి. బస్టాండు నుంచి మగ్గాల సందులోకి రావాల. సందు మొగన పూరీల బండి ఉంటాది. ముందు తలుపు కొట్టబాకు, ఆమె నాయన పడుకోనుంటాడు. మెట్లు పక్క నుంచి ఉండాయి."

"పోస్ట్‌మాన్‌కు ఇదంతా ఎందుకు?"

"రాసుకోమంటే రాసుకో అబ్బా."

"గమనికలో ఏం పెట్టాల?"

"ఖాళీగా పెట్టు. సదివినాక సెప్తా. ఒక్కో వాక్యానికీ సెప్తా."

ఫైల్లో చివరి వరసలో, ఆమె చెప్పింది చెప్పినట్టు, ఒకే గడిలో టైపు చేశాను. టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచాను. మూసేశాను. దీన్ని కోయక్కర్లేదు.

జూన్ 22, ఆదివారం

నగరి కాపీకి స్టిక్కరు అతికించలేదు. సంచిలో పెట్టుకున్నాను. మిరియాలు కూడా.

మెట్లు పక్క నుంచి.